స్ప్రే కొడితే థర్మోకోల్ ఫ్యాక్టరీ కరిగిపోయింది, వచ్చే ఆదివారమే గేమ్!

గోదారిగట్టు · శుక్రవారం రాత్రి 11:40

అన్నలూ అక్కలూ, ఏడుపొక్కటే తక్కువ నాకు. పోయిన వినాయక చవితి పందిరికి వాడిన థర్మోకోల్ షీట్లు అటక మీద పడుంటే వాటితో మన వార్‌హామర్ బొమ్మల యుద్ధాలాటకి రెండంతస్తుల పాడుబడ్డ ఫ్యాక్టరీ కట్టాను. పన్నెండు రోజులు పట్టింది. కిటికీలు, మెట్లు, గోడకి బుల్లెట్ గుంటలు, అన్నీ కట్టర్‌తో చెక్కినవే. ఈ సాయంత్రం మేడ మీదకి తీసుకెళ్లి నల్ల ప్రైమర్ (అసలు రంగుకి ముందు వేసే పూత) స్ప్రే కొట్టాను. నిమిషం కాలేదు, వేడి పెనం మీద వెన్నముద్ద పెట్టినట్టు గోడ జారిపోవడం మొదలైంది. చూస్తుండగానే ఒక మూల మొత్తం లోపలికి కూలిపోయింది. మా అమ్మ బట్టలు తీయడానికి పైకొచ్చి "ఏంట్రా ఈ కంపు" అంటోంది, నేను డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అది చాలదన్నట్టు అదే ఊపులో పది మంది స్పేస్ మెరైన్లకి (నా ప్లాస్టిక్ సైనికుల బొమ్మలకి) కూడా కొట్టేశాను. వాళ్లు కరగలేదు గానీ ఒంటినిండా బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా, గరుగ్గా తయారయ్యారు. మధ్యాహ్నం వాన పడి ఆగింది, దానివల్లేనా?

వచ్చే ఆదివారం కాకినాడ నుంచి ఫ్రెండ్ వస్తున్నాడు కిల్ టీమ్ (కొద్దిమంది బొమ్మలతో ఆడే చిన్న గేమ్) ఆడదామని. బోర్డు 30 అంగుళాలు ఇంటూ 22, పెద్దదేం కాదు, కానీ దాని మీద నిలబెట్టడానికి ఇప్పుడు ఒక్క గోడ లేదు. ఫ్యాక్టరీని బతికించొచ్చా? పోనీ మెరైన్లనైనా?

తుప్పుడబ్బా · శుక్రవారం రాత్రి 11:58

తమ్ముడూ, ఈ పరీక్ష రాయకుండా టెర్రైన్‌లోకి (ఆట బల్ల మీది కట్టడాల పనిలోకి) వచ్చినవాడు అరుదు. నాది ఎల్‌బీ నగర్‌లో అద్దింటి బాల్కనీలో అయింది. ఓనర్ గారి టైల్స్ మీద ఆ నల్ల మరక ఇప్పటికీ ఉండే ఉంటుంది.

జరిగిందేంటంటే, థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్. నీ మెరైన్లు కూడా పాలీస్టైరీనే, ఇద్దరిదీ ఒకటే జాతి. కాకపోతే థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలి. మిగిలిన ఆ కాస్త ప్లాస్టిక్ ఉల్లిపొర కంటే పలుచగా ఉంటుంది. స్ప్రే డబ్బాలో రంగుతో పాటు అసిటోన్ లాంటి సాల్వెంట్లు ఉంటాయి కదా, మెరైన్ బొమ్మ గట్టి ముద్ద కాబట్టి వాడి పై చర్మం తడిసేలోపే సాల్వెంట్ ఎగిరిపోతుంది. థర్మోకోల్ పొరకి అంత టైమ్ ఇవ్వదు, తినేస్తుంది.

కాబట్టి ముందు సీలింగ్, అంటే రంధ్రాలు మూసే పూత. ఫెవికాల్, నీళ్లు, చవకరకం నల్ల అక్రిలిక్ మూడూ సమానంగా కలిపి పాత బ్రష్‌తో పట్టించు. ఒక రాత్రి ఆరనివ్వు, మళ్లీ ఇంకో కోటు. సూదిమొనంత రంధ్రం మిగిలినా స్ప్రే అందులోంచి దూరి లోపల గుల్ల చేసేస్తుంది, బయటికి గోడ బాగానే కనిపిస్తుంది, వేలు పెడితే దిగబడుతుంది. ఆ మాటకొస్తే రెండు కోట్లు నల్లగా పడ్డాక ఇంక స్ప్రే ఎందుకు? నేను టెర్రైన్‌కి డబ్బా ముట్టడమే మానేశాను.

కూలిన మూల మాత్రం పారేయకు. ఫోటో పెట్టు.

సీతమ్మధార_సార్జెంట్ · శనివారం ఉదయం 7:15

మెరైన్ల సంగతి నేను చెప్తా, విశాఖలో ఉంటున్నవాణ్ణి, తేమ విషయంలో డిగ్రీ ఇవ్వొచ్చు నాకు. నువ్వు చెప్పిన బియ్యప్పిండికి ఫ్రాస్టింగ్ అంటారు. స్ప్రే బయటికొచ్చి సాల్వెంట్ ఆవిరవుతుంటే ఆ చోటు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది రంగు మీద చెమ్మలా దిగుతుంది, ఆరాక తెల్లగా తేలుతుంది. వాన ఆగిన పూటే మేడ మీద స్ప్రే కొట్టడం అంటే కోరి తెచ్చుకోవడమే.

దీనికి రెండో మొహం కూడా ఉంది. మే నెల మిట్టమధ్యాహ్నం దూరం నుంచి కొడితే రంగు బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి ఉప్పుకాగితంలా అంటుకుంటుంది. మనకి వానాకాలం, ఎండాకాలం తీసేస్తే స్ప్రేకి మిగిలేవి చలికాలం పొద్దుటి పూటలే అనుకో. డబ్బా రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు దూరం నుంచి, బొమ్మ బయట మొదలుపెట్టి బొమ్మ దాటించి ఆపాలి. ఒకేచోట పట్టుకుని ఉంచకూడదు.

నేనైతే జూన్ నుంచి అక్టోబర్ దాకా బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడతాను. వయెహో వాళ్ల సర్ఫేస్ ప్రైమర్ దొరికితే అదే, దొరక్కపోతే ఆర్ట్ షాపులో జెస్సో (కాన్వాసుకి ముందు వేసే తెల్ల పూత) తెచ్చి పలుచన చేసి రెండుసార్లు. పది బొమ్మలకి ఒక సినిమా చూసినంత టైమ్.

గోదారిగట్టు · శనివారం ఉదయం 9:02

థాంక్స్ అన్నా. అయితే మెరైన్ల మీద ఉన్నది తీసేసి మళ్లీ వేస్తా. ఇంట్లో గేటుకి రంగేసినప్పుడు మిగిలిన థిన్నర్ అర సీసా ఉంది, అందులో నానబెట్టొచ్చా?

తుప్పుడబ్బా · శనివారం ఉదయం 9:04

ఆగు!! వద్దు. పైన చెప్పిందంతా మళ్లీ చదువు. థిన్నర్‌లో వేస్తే పొద్దునకి పది మంది కలిసి ఒక ముద్దవుతారు. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా వద్దు, అందులోనూ చాలావాటిలో అసిటోనే.

మెడికల్ షాపులోనో ఎలక్ట్రానిక్స్ రిపేర్ సామాను అమ్మేచోటో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. గాజు సీసాలో పోసి బొమ్మల్ని మూడు నాలుగు గంటలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరిచి పెట్టు, దగ్గర్లో స్టవ్ ఉండకూడదు. బ్రౌన్ రంగు యాంటిసెప్టిక్ లిక్విడ్‌తో కూడా పోతుంది, కానీ రంగు ఊడేదాకా నీళ్లు తగలనివ్వకూడదు. తగిలితే రంగంతా జిగట తారులా బొమ్మకి పట్టుకుంటుంది. ముందు ఆ లిక్విడ్‌లోనే రుద్ది కడిగి, ఆ తర్వాతే గిన్నెలు తోమే సబ్బు.

బ్రష్షుబాబాయ్ · శనివారం మధ్యాహ్నం 1:30

నేను ఆటగాణ్ణి కాదు, ఇబ్రహీంపట్నంలో ముప్ఫై ఏళ్లు సైన్‌బోర్డులు రాశాను. ఫ్లెక్సీలొచ్చాక చేతి పని పోయింది. మా అబ్బాయి డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఈ గ్రహాంతర సైనికుల పెట్టె ఒకటి తెచ్చి, టైమ్ లేక ఇక్కడే వదిలేసి వెళ్లాడు. ఊరికే ఉండలేక రంగులేశాను, అప్పట్నుంచీ ఈ చర్చలు చదువుతున్నా.

మీరు ప్రైమర్, ప్రైమర్ అంటుంటే నవ్వొస్తుంది. మా పక్కనే కొండపల్లి. తెల్ల పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, దాని మీద సున్నం పూత వేస్తారు. అది ఆరాకే రంగు. చెక్క రంధ్రాలు మూయాలి, పైన వేసే రంగుకి పట్టు దొరకాలి, తెలుపు మీద రంగు వెలగాలి. మీ స్ప్రే డబ్బా చేసేదీ ఆ మూడు పనులే. సున్నం పూతలో ఒక్కచోట ఉండ కట్టినా బొమ్మ ముఖం పాడవుతుంది, అందుకని వాళ్లు తొందరపడరు.

బాబూ గోదారిగట్టూ, వాన రోజున వేసిన రంగు ఎక్కడైనా అంతే. మా రోజుల్లో షట్టర్ మీద ఎనామిల్ వేసి మబ్బు పట్టిందంటే ఆ పూట కూలి పోయినట్టే.

చిన్నబ్రష్ · శనివారం రాత్రి 10:20

బాబాయ్ గారూ మీ పోస్టులు ఇంకా కావాలి.

గోదారిగట్టు, నీకు వారమే ఉంది కదా, నా సలహా విను. ప్రైమర్ లేత బూడిద రంగులో వేసి, పైన సిటడెల్ కాంట్రాస్ట్ లేదా ఆర్మీ పెయింటర్ స్పీడ్‌పెయింట్ అనే పలుచటి రంగు ఒక్క కోటు. రంగు దానంతటదే పల్లాల్లోకి జారి నీడ అవుతుంది, గట్ల మీద పలుచబడి వెలుగవుతుంది. నేను బెంగళూరులో ఉంటాను, పాపని పడుకోబెట్టాక తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా నాకు దొరికే టైమ్. కాంట్రాస్ట్ 2019లో రాకపోయుంటే నా అరవై బొమ్మలు ఇప్పటికీ పెట్టెలోనే ఉండేవి.

తుప్పుడబ్బా · శనివారం రాత్రి 10:41

అక్కా గౌరవంతోనే చెప్తున్నా, అది రంగుల పుస్తకం నింపడం. జంతువుల బొచ్చుకీ, గుడ్డ మడతలకీ బాగుంటుంది. మెరైన్ భుజం చూడు, చదునుగా నున్నగా ఉంటుంది. కాంట్రాస్ట్ అక్కడ ఆగదు, మరకలు మరకలుగా ఆరుతుంది, వాన వెలిసిన గోడలా. సైన్స్ ఫిక్షన్ కవచానికి పాత పద్ధతే. పలుచటి కోట్లు రెండు, మూలల్లో నల్ల వాష్ (పల్లాల్లో నిలిచే నీళ్లలాంటి రంగు), అంచుల వెంట లేత గీత.

చిన్నబ్రష్ · శనివారం రాత్రి 10:55

చదును చోట మరకలొస్తాయి, ఒప్పుకుంటా. దాని మీద స్పాంజితో నాలుగు గీతలు పొడిస్తే యుద్ధంలో గీసుకుపోయిందంటారు, అయిపోయె :)

నీ పద్ధతిలో ఒక్క మెరైన్‌కి ఎన్ని గంటలు తుప్పూ? పోయిన దసరాకి నువ్వు మొదలుపెట్టిన ట్యాంక్ ఎంతవరకు వచ్చింది? వార్‌హామర్ 40కె అనే పెద్ద గేమ్‌లో సైన్యం మొత్తం రంగేసి ఉంటే 10 పాయింట్లు ఊరికే వస్తాయి. అంచుల గీత ఎంత సన్నగా ఉందో ఎవడూ స్కేలు పెట్టి కొలవడు. బల్ల మీద మూడడుగుల దూరం నుంచి చూసేది.

తుప్పుడబ్బా · శనివారం రాత్రి 10:57

ట్యాంక్ ఊసెత్తొద్దు.

గోదారిగట్టు · ఆదివారం ఉదయం 8:10

హహ. ఆల్కహాల్ పని చేసింది, తొమ్మిది మంది శుభ్రంగా వచ్చారు, ఒకడి చేయి ఊడింది, అతికించా. ఇటుక ఎరుపు వేద్దామనుకుంటున్నా. నల్ల ప్రైమర్ మీద ట్రయల్ వేస్తే నాలుగు కోట్లయినా కింద నలుపే కనిపిస్తోంది, నా రంగు నకిలీదా?

[ఫోటో: కూలిన మూల]

సీతమ్మధార_సార్జెంట్ · ఆదివారం ఉదయం 8:34

నకిలీ కాదు. ఎరుపు, పసుపు ఎప్పుడూ అంతే, కింద ఉన్నదాన్ని దాచే బలం తక్కువ వాటికి. నలుపు మీద సూటిగా వేయకు. ముందు ఒక మట్టి గోధుమరంగు కోటు, దాని మీద ఎరుపు, రెండు కోట్లకి నిండుతుంది. సీసాలోంచి నేరుగా బొమ్మ మీద పెట్టొద్దు, నీళ్లు కలిపి పలుచటి మజ్జిగలా చేసుకో. గోటి మీద గీస్తే గీత నిలబడాలి, పారకూడదు.

తడి ప్యాలెట్ ఉందా? కొనకు. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి ముక్క పరిచి, పైన బేకింగ్‌కి వాడే బటర్ పేపర్ వేయి, అంతే. మన ఉక్కలో, ఫ్యాన్ కింద ప్లేట్లో పెట్టిన అక్రిలిక్ పది నిమిషాల్లో పొరలు కడుతుంది, దీంట్లో మూత పెడితే మర్నాటికి కూడా పనికొస్తుంది. మూడో రోజు తెరిస్తే వాసన మాత్రం నీ బాధ్యత.

తుప్పుడబ్బా · ఆదివారం ఉదయం 9:20

ఆ మూల ఫోటో చూశాను. ఒరేయ్, అది అద్భుతంగా ఉంది. ఎవడో యాసిడ్ బాంబు వేసినట్టు గోడ కారిపోయి గడ్డకట్టింది, అలా చేతితో చెక్కాలంటే ఎవరి తరం? దాన్ని అలాగే ఉంచి ఫెవికాల్ నలుపు పట్టించు. కరిగిన అంచుల వెంట ముదురాకుపచ్చ వాష్, లోపలి పొరల్లో కాస్త ముదురు పసుపు. విషవాయువు ఫ్యాక్టరీ అయిపోయింది నీది.

మిగతా టేబుల్‌కి ఇంట్లో వెతుకు. అట్టపెట్టె పైపొరని తడిగుడ్డతో నానబెట్టి ఒలిస్తే లోపల అలలు అలలుగా ఉంటుంది కదా, అదే రేకుల షెడ్డు. టాబ్లెట్లు అయిపోయిన స్ట్రిప్పు గోడకి అతికిస్తే కంట్రోల్ ప్యానెల్. పాత కీబోర్డు మీటలు తిరగేసి పెడితే గాలి వచ్చే వెంట్లు. బాల్‌పెన్ గొట్టాలు పైపులు. తలుపులు మాత్రం బొమ్మని పక్కన నిలబెట్టి కొలుచుకుని చెయ్యి. నా మొదటి భవనంలో తలుపు మెరైన్ నడుము దాకా వచ్చింది, వంగి వెళ్లాల్సి వచ్చేది వాడు. 32 మిల్లీమీటర్ల బేస్ (బొమ్మ కాళ్ల కింది పీట) మీద నిలబడ్డవాడు కూడా నిటారుగా పట్టాలి.

అట్టకి ఒకవైపే రంగేస్తే వంగిపోతుంది, వెనక కూడా పూయి.

ఇక తుప్పు. నా పేరే అది కాబట్టి కాస్త సాగదీస్తా. రేకు మొత్తం ముదురు గోధుమ. ఆరాక, పార్శిల్‌లో వచ్చే నల్ల స్పాంజి ముక్క చింపి (కత్తిరించకూడదు, చింపాలి, అప్పుడే అంచు అడ్డదిడ్డంగా వస్తుంది) నారింజలో ముంచి టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, మేకుల చుట్టూ, రేకు కింది అంచున, నీళ్లు నిలిచే చోట పొడుస్తూ పో. అన్నిచోట్లా ఒకేలా పొడిస్తే అమ్మవారు పోసినట్టుంటుంది. తుప్పు ఎక్కడ పడుతుందో చూడాలంటే మీ వీధిలో పాత గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడు చాలు. చివర్లో గీసుకుపోయే అంచున సిల్వర్ చుక్కలు.

దాని మీద వేసే పొడికి విదేశీ పిగ్మెంట్ సీసాలు కొంటారు జనం. నేను జేగురు వాడతాను. గడపలకీ అరుగులకీ పూసే ఆ ఎర్రమట్టే. అది ఐరన్ ఆక్సైడే, అంటే తుప్పు మీద నిజమైన తుప్పు చల్లుతున్నావన్నమాట. మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, పొడి బ్రష్‌తో అద్ది, ఒక చుక్క ఆల్కహాల్ వదిలితే అక్కడే కూర్చుంటుంది. ఆటలో చేతులకి అంటకుండా పైన మ్యాట్ వార్నిష్.

బ్రష్షుబాబాయ్ · ఆదివారం మధ్యాహ్నం 2:15

జేగురు సంగతి భేష్.

నాటింగ్‌హామ్_నుంచి · ఆదివారం సాయంత్రం 6:40

జేగురు మాట చదివి మా అమ్మమ్మగారి అరుగు గుర్తొచ్చింది, ఇక్కడ వాన.

నేనుండే ఊరే ఈ హాబీకి పుట్టిల్లు లాంటిది. వార్‌హామర్ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ ఆఫీసు ఇక్కడే, పక్కనే వాళ్ల ఎగ్జిబిషన్ వార్‌హామర్ వరల్డ్. మ్యాంటిక్, వార్‌లార్డ్ కూడా ఈ ఊళ్లోవే. ఇన్ని బొమ్మల కంపెనీలు ఈ చుట్టుపక్కలే ఉండటం వల్ల, ఒకప్పుడు బొమ్మలు సీసంతో పోసేవారు కాబట్టి, లెడ్ బెల్ట్ అని సరదాగా అంటారు. ఎగ్జిబిషన్‌లో గది నిండా ఒకే యుద్ధం, వందల బొమ్మలు, కోట గోడలు. దగ్గరికెళ్లి అద్దానికి ముక్కు ఆనించి చూస్తే వెనక వరుసల్లో వాళ్ల మీద రంగు అంత శ్రద్ధగా లేదు! అక్కడ నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. కంటికి అందేచోటే పని పెట్టారు: ముందు వరుస, ముఖాలు, జెండాలు.

కాబట్టి చిన్నబ్రష్ గారూ తుప్పు గారూ ఇద్దరూ రైటే అనుకుంటా. పది మందిలో నాయకుడికి తుప్పు పద్ధతి, మిగతా తొమ్మిది మందికి కాంట్రాస్ట్.

చిన్నబ్రష్ · ఆదివారం సాయంత్రం 7:05

"ఇద్దరూ రైటే" అనేవాళ్లని ఈ బోర్డులో బ్యాన్ చెయ్యాలి.

గోదారిగట్టు · బుధవారం రాత్రి 12:25

అప్‌డేట్. నేలకి గోదారి ఇసుక టీ జల్లెడతో జల్లించి ఫెవికాల్ మీద చల్లాను. వాడేసిన టీ పొడి కూడా ఎండబెట్టి కలిపాను, తడి మట్టిలా బాగా వచ్చింది (ఎండబెట్టకుండా వేసిన మొదటి ముక్కకి రెండో రోజే బూజు, ఎవరూ చెప్పలేదేం?). డ్రై బ్రష్‌కి (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడానికి) చెల్లి పాత మేకప్ బ్రష్ కొట్టేశాను. మెత్తగా గుండ్రంగా ఉంది, ఇసుక గరుకు మీద బూడిద రంగు తేల్చడానికి కొన్న బ్రష్ కంటే ఇదే బాగుంది. చెల్లికి ఇంకా తెలీదు.

ఇప్పుడు ఇరుక్కున్నది కళ్ల దగ్గర. హెల్మెట్‌లో ఆ రెండు గాజు కళ్లు ఆవగింజంత ఉన్నాయి. ఆకుపచ్చ చుక్క పెడితే కప్పలా చూస్తున్నాడు.

బ్రష్షుబాబాయ్ · గురువారం ఉదయం 6:10

ఇది నా పని. షోరూమ్ బోర్డుల మీద ముత్యాల హారాలు రాసినవాణ్ణి.

కంటి గుంట మొత్తం ముందు నలుపు. దాని మీద ముదురాకుపచ్చ, అంచున వెంట్రుకవాసి నలుపు వదలాలి, అదే కాటుక. తర్వాత లేతాకుపచ్చ, కానీ కంటికి కింద వెనక మూల మాత్రమే, సగం కంటే తక్కువ. చివర్లో తెలుపు చుక్క, దానికి ఎదురు మూల, పైన. వెలుతురు పైనుంచి గాజు మీద పడి తెల్లగా మెరుస్తుంది, లోపలికి దూరి కింద మూలలో తేలుతుంది. ఒక్క చుక్కతోనే ఆపావు గనక నీకు కప్ప వచ్చింది. రెండు కళ్లకీ చుక్క ఒకే పక్కన ఉండాలి, లేకపోతే మెల్లకన్ను.

చేయి వణికితే రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్ల మీద పెట్టి, ఊపిరి వదిలేటప్పుడు పెట్టు. బ్రష్ సన్నది అక్కర్లేదు, మొన బాగుండాలి. మరీ సన్నదైతే రంగు కంటిదాకా వెళ్లేలోపే మొన మీద ఎండుతుంది. రంగు బ్రష్ రేకు కట్టు దాకా ఎక్కకుండా మూడో వంతే ముంచు.

సీతమ్మధార_సార్జెంట్ · గురువారం ఉదయం 6:50

మొన కోసం బ్రష్ నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకో. నాకు మా ఆవిడ మాన్పించింది. "ఎంగిలి బ్రష్ దేవుడి గదిలో పెడతావా" అంది ఒకసారి (నా టేబుల్ దేవుడి గదిలోనే, ఇల్లు చిన్నది). తడి టిష్యూ మీద తిప్పినా మొన వస్తుంది.

గోదారిగట్టు · ఆదివారం రాత్రి 9:48

ఆడాం! ఓడిపోయాను, 14-9.

ఏడుగురు పూర్తయ్యారు, ముగ్గురికి కాళ్లు ఇంకా గోధుమరంగే. నాయకుడి కళ్లు బాబాయ్ గారు చెప్పినట్టే వేశాను, ఎడమది వచ్చింది, కుడిది ఐదోసారికి. ఫ్రెండ్ సైన్యం మొత్తం రంగు లేని బూడిద ప్లాస్టిక్. వాడు పది నిమిషాలు ఆట ఆపి కరిగిన మూలని తిప్పి తిప్పి చూశాడు, "ఇది ఏ కిట్, ఎంతకి కొన్నావ్" అని అడిగాడు. ఆ తర్వాత అదే మూల వెనక తన స్నైపర్‌ని పెట్టుకుని నా నలుగురిని లేపేశాడు, కరిగిన కంత సరిగ్గా వాడి తుపాకీ ఎత్తుకే ఉంది.

మేకప్ బ్రష్ సంగతి చెల్లికి తెలిసిపోయింది. కొత్తది కొనివ్వాలట, పైగా ఒక మెరైన్ తనకి కావాలట, గులాబీ రంగులో. గులాబీకి కింద ఏ కోటు వేయాలి?

తుప్పుడబ్బా · ఆదివారం రాత్రి 9:55

తెలుపు. పలుచటి కోట్లు రెండు.

చిన్నబ్రష్ · ఆదివారం రాత్రి 9:56

తెలుపు మీద కాంట్రాస్ట్. ఒకటి చాలు.